ఫిబ్రవరి ముప్పై

పత్రికలో ఐదో పేజీ, కుడివైపు అడుగున
అరచేయంత డబ్బా నాది.
చరిత్రలో ఈ రోజు.
పంతొమ్మిదేళ్ళుగా నింపుతున్నాను:
ఒక యుద్ధం, ఒక సంధి,
ఇద్దరు పుట్టాలి, ఒకరు పోవాలి,
అంగుళం మిగిలితే ఏదో ఒక దినోత్సవం.
చోటు చాలనినాడు
ముందు కత్తెర పడేది పుట్టినవాళ్ళకే.
చచ్చిపోయినవాళ్ళ తరఫున ఉత్తరాలొస్తాయి మరి.

మంచు కిటికీ నడుందాకా లేచిన ఒక పూట
హెర్నోసాండ్ దస్తావేజుల గదిలో
టూర్‌గ్నీ ఒక చర్చి పద్దు తెచ్చి నా ముందు పెట్టాడు.
"నీ డబ్బాకెక్కని రోజొకటి ఉంది, చూడు."

పదిహేడువందల పన్నెండు.
ఫిబ్రవరి ఇరవైతొమ్మిది కింద,
సిరా ఏమాత్రం తడబడకుండా,
ముప్పై.

లోకంతో తేదీ కలుపుకుందామని
మా స్వీడన్ రాజ్యం లీపు దినాలను
ఒక్కొక్కటే మింగాలనుకుంది.
ఒకటి మింగింది.
ఈలోగా యుద్ధమొచ్చి మిగతావి మరిచింది.
పన్నెండేళ్ళు ఎవరి లెక్కకూ అందని తేదీల్లో బతికి
చివరికి, మింగినదాన్ని కక్కేసింది.
ఇదీ ఆ కక్కిన రోజు.

గ్రోన్‌సేలె పల్లె. గుమాస్తాది పొదుపు చేయి.
పుట్టుక: తారు కాల్చే పోవెల్‌కు కూతురు, మాలిన్.
మరణం: విధవరాలు ఇంగ్రిద్,
ఎనభై దాటాక లెక్కపెట్టడం మానుకున్నది.
అంచున, ఇరుకుగా:
యెన్స్ గుర్రం నదిమంచు విరిగి మునిగింది.
జీను దక్కింది.

అంతే. రాజు ఊసు లేదు.

ఇంగ్రిద్ ఆ రోజు కాలం చేసింది.
రాజ్యమూ కాలం చేసింది, ఒక్క రోజంత.
ఆమెకు తద్దినం లేదు.
ఆ దినమే మళ్ళీ రాలేదు.

మరి ఆ పిల్ల?
ఇరవై ఎనిమిదిన తల్లి "రేపో ఎల్లుండో" అని ఉంటుంది,
మార్చి ఒకటిన "నిన్ననే పోయిందమ్మా" అని ఉంటుంది.
తారు కంపు కొట్టే గుడిసెలో
పుట్టినరోజులు ఎవరు చేశారులే
అని నాకు నేనే సర్దిచెప్పుకుని పేజీలు తిప్పాను.
టూర్‌గ్నీ టీ చల్లారిపోయింది.

పంతొమ్మిదో ఏట పెళ్ళి, సాల్మన్ వలలల్లే ఎస్కిల్‌తో.
నలుగురు పిల్లలు. ఇద్దరు మిగిలారు.
ఏటా పాదిరి వచ్చి ఇంటిల్లిపాదినీ చదివించి
మార్కులేసేవాడు. మాలిన్‌కు ఎప్పుడూ
"చదువు మోస్తరు, జ్ఞాపకం గట్టిది."

పదిహేడువందల యాభై మూడు.
ఈసారి రాజ్యం నసగలేదు,
ఒక్క గుక్కలో పదకొండు రోజులు.
ఫిబ్రవరి పదిహేడున పడుకున్నవాళ్ళు
మార్చి ఒకటిన లేచారు.
మాలిన్ లేవలేదు.
ఆ రాత్రే, కోడి కూయకముందు,
పదిహేడుకీ ఒకటికీ మధ్య ఎక్కడో,
రోజులు నిండాయి.

మా చర్చి పద్దుల్లో చావుకు వయసు రాయాలి:
ఏళ్ళు, నెలలు, రోజులు.
కొత్త గుమాస్తా చేతిరాత వాలుగా ఉంది.
నలభై అని రాశాడు. కొట్టేశాడు.
నలభై ఒకటి అన్నాడు.
నెలల దగ్గర సిరా ముద్ద,
కలం అక్కడ చాలాసేపు ఆగినట్టుంది.
రోజుల గడి ఖాళీ.

నేను పంతొమ్మిదేళ్ళలో ఒక్క గడీ
ఖాళీగా వదల్లేదు. వదిలితే
రాత్రి పదకొండుకు ప్రెస్సు నుంచి ఫోను.

నాలుగైంది. టూర్‌గ్నీ దీపాలొక్కటే ఆర్పుకుంటూ వస్తున్నాడు.
మొదటి పేజీకి, ఆ ముప్పై దగ్గరికి, మళ్ళీ వెళ్ళాను.
కుట్టులో ఇరుక్కుని ఒక బార్లీ పొట్టు.
ఎవరి చొక్కా అంచునుంచి రాలిందో,
ఏ శతాబ్దంలోనో.
చేతితొడుగు వేలితో తీయబోయి
తీయలేదు.
పుస్తకం మూశాను, పొట్టు మీదుగా,
మెల్లగా.